మొదటి బంతి ఎవరికి

ఏటికి ఇవతలి అడవిలో ఆ మాఘమాసమంతా ఒకటే చర్చ. కుర్రాళ్ళు ముగ్గురిలో ఎవరు గొప్ప? పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా అదే. విని విని విసుగెత్తే ఆ ఏడాది మోదుగులు ముందే ఆకు రాల్చాయని కొందరంటారు. నేను నమ్ముతాను.

కుర్రాళ్ళంటే జింక, కుందేలు, మనుబోతు. ఏటా ఎండలు ముదరకముందు ఇవతలి ఒడ్డు జంతువులకీ అవతలి ఒడ్డు జంతువులకీ ఇసుకలో బంతిపందెం జరుగుతుంది. ఇవతలి జట్టులో ఏనుగమ్మ తొండంతో పీచుబంతి విసురుతుంది. కుర్రాళ్ళు అంచుల వెంట పరుగుతీసి, అవతలివాళ్ళ కాపలా తప్పించుకుని, గీత దాటాక దాన్ని నోటితో అందుకోవాలి. గెలిచిన ఒడ్డుకి వేసవంతా ఏటి నడుమనున్న లంక దక్కుతుంది. అక్కడ పచ్చగడ్డి ఉంటుంది, ఎండిపోని మడుగు ఉంటుంది. ఓడినవాళ్ళకి కొండమీది ఎండుటాకులే గతి.

ఏనుగమ్మకి ఇది ఆటలా లేదు. నిరుడు ఓడిపోయి లంక చేజారాక ఆమెకి పాలు ఎండిపోయాయి. చంటి గున్న ఎలాగో బతికి బయటపడింది. ఇంకో వేసవి అలాగే గడిస్తే అది దక్కుతుందన్న నమ్మకం ఆమెకి లేదు. అందుకే నెల ముందునుంచీ ఒకటే అడుగుతోంది, కుర్రాళ్ళని నాకు అప్పగించండి, ఎవరు ఏ అంచున పరుగెత్తాలో కుదుర్చుకుంటాం అని.

కానీ ఇవతలి ఒడ్డున ఒక ఆచారం ఉంది. మొదటి బంతి ఎవరిదో సభలో అందరూ ఒప్పుకుని తేల్చేదాకా కుర్రాళ్ళు ఇసుకలో కాలు పెట్టకూడదు. ఎవరు సందేహం అడిగినా, చుట్టపుచూపుగా వచ్చినవాడు అడిగినా సరే, దాన్ని తీర్చాకే ముందుకు పోవాలి. ఎవరు పెట్టారో ఈ ఆచారం, తీరుబడి ఉన్నవాళ్ళే అయుంటారు.

సభకి పెద్ద ఎలుగుబంటి. ఆయన ఓటు మనుబోతుకి. అంత ఎత్తు ఎగిరేవాణ్ణి మన ఒడ్డున చూశామా అంటాడు. నెమలికి జింక ముద్దు. నిరుడు జింక వదిలేసిన బంతులన్నీ గాలి వల్ల పోయాయని అతని వాదన. కుందేలు సంగతి ఇప్పుడే ఏం తెలుస్తుంది, ఇంకో రెండేళ్ళు పోతే చూడండి అనేవాళ్ళు వెనక వరసలో ఉన్నారు. అందరూ అన్నీ తెలిసినవాళ్ళే. ఒక్కరూ ఎన్నడూ బంతి పట్టిన పాపాన పోలేదు.

అవతలి ఒడ్డు నక్క అప్పుడే చుట్టరికం కలుపుకుని దిగింది. ఎలుగుబంటిని మామా అంటూ సభలో ఓ మూల కూచుంది. వాదన ఓ కొలిక్కి వస్తోందనగా నెమ్మదిగా గొంతు సవరించుకునేది.

"పరాయివాణ్ణి, నాకెందుకులే మామా. కానీ మనుబోతు మోకాలి సంగతి ఎవరూ అడగలేదేం?"

ఇక మోకాలి మీద చర్చ. అది సద్దుమణిగితే జింక పిరికితనం మీద, అదీ అయిపోతే కుందేలు పొట్టితనం మీద. ముగ్గురు కుర్రాళ్ళూ పొద చాటున నిలబడి తమ గురించి తామే వినేవాళ్ళు. కలిసి మేసేవాళ్ళు కాస్తా విడివిడిగా మేయడం మొదలుపెట్టారు.

ఒకరోజు ఏనుగమ్మ ఉండబట్టలేక సభ మధ్యకి వచ్చింది.

"పెద్దయ్యా, వీళ్ళ విలువ తర్వాతైనా కట్టుకోండి. ఒక్క పూట నా ముందు పరుగెత్తనివ్వండి."

"ఆత్రపడకు తల్లీ," అన్నాడు ఎలుగుబంటి. "ఎవరి స్థాయి ఏమిటో తేలకుండా బంతి ఎలా ఇస్తాం?"

ఆమెకి కోప్పడే ఓపిక కూడా లేకపోయింది. గున్నని తోలుకుని వెళ్ళిపోయింది.

పందెం ముందురోజు దాకా ఏమీ తేలలేదు. అందరి గొంతులూ బొంగురుపోయాయి. అప్పుడు నక్కే లేచి, తగువెందుకు, ముగ్గురూ మొదటివాళ్ళే అనేయండి, ఎవరి మనసూ నొచ్చుకోదు అంది. ఇంత మంచి మాట ఇన్నాళ్ళూ తట్టలేదే అని సభంతా తలలూపింది. నెమలి పురివిప్పాడు. నక్క ఇంటిదగ్గర పనుందని చెప్పి అప్పుడే ఏరు దాటింది.

ఏనుగమ్మ ఒక్కతే అడిగింది, "ముగ్గురూ మొదటివాళ్ళయితే నేనెటు విసరాలి?"

"నీ ఇష్టం తల్లీ. ముగ్గురూ గొప్పవాళ్ళే కదా," అన్నాడు ఎలుగుబంటి. ఆయన అప్పటికే నిద్రమత్తులో ఉన్నాడు.

మర్నాడు పందెం చివరిదాకా సమంగానే సాగింది. ఆఖరి బంతి మిగిలింది. గీత దాటాక పట్టుకుంటే లంక ఇవతలివాళ్ళది, అవతలివాళ్ళ నోట పడితే వాళ్ళది. ఏనుగమ్మ తొండం ఎత్తి చూసింది. ఎడమ అంచు ఖాళీగా ఉంది. కాపలాకి అవతలివాడు ఒక్కడూ లేడు. అక్కడ ఎవరూ అక్కర్లేదని నక్క వాళ్ళకి ముందే చెప్పింది. కానీ పట్టేందుకు ఇవతలివాడు కూడా లేడు. మొదటివాడి చోటు అదేనని ముగ్గురూ కుడి అంచునే ఉన్నారు, ఒకరినొకరు తోసుకుంటూ, బంతి తనదేనని మెడలు సాచుకుంటూ.

వేరే దారి లేక అటే విసిరింది. జింక దూకింది, మనుబోతు ఎగిరింది, కుందేలు వాళ్ళ కాళ్ళ మధ్య ఇరుక్కుంది. ముగ్గురూ కుప్పగా పడ్డారు. బంతి మనుబోతు కొమ్ముకి తగిలి పక్కకి దొర్లి పైకి లేచింది. అక్కడే తీరిగ్గా నిలబడ్డ నక్క నోరు తెరిచి అందుకుంది.

ఏరు దాటబోతూ నక్క బంతి కింద పెట్టి, "మామా, నిజం చెప్పనా? మీ కుర్రాళ్ళు ముగ్గురిలో ఎవరైనా సరే, మావాళ్ళందరికంటే మేలు," అని మళ్ళీ బంతి నోట కరుచుకుని వెళ్ళిపోయింది.

ఏనుగమ్మ గున్నని ముందు పెట్టుకుని ఎండిన కొండదారి పట్టింది. వెనక ఇసుకలో అప్పుడే సభ చేరింది. బంతి జారడంలో ముగ్గురిలో ఎవరి తప్పు ఎక్కువని ఎలుగుబంటి అడుగుతున్నాడు, జింకది మాత్రం కాదని నెమలి అంటున్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

ఎవరెంత గొప్పో తేల్చే పనిలో పడి ఎవరెక్కడ నిలబడాలో చెప్పని జట్టు, గొప్పవాళ్ళతోనే ఓడిపోతుంది.