రెండో పిడికెడు

చినగంజాం ఉప్పు మళ్ళ దగ్గర రాహేలమ్మ అని ఒకావిడ ఉండేది. మనసు మంచిదేగాని, పెట్టిన వస్తువు పెట్టినచోట లేకపోతే ఆవిడకి ముద్ద దిగేది కాదు.

ఇల్లు అద్దంలా ఉంచేది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది. మన క్రైస్తవుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసే పనేగా అది. ఆదివారం ఆ బియ్యం పోయడానికి చర్చిలో గంప పెడితే, అందరికంటే ఆవిడ కుండే నిండుగా ఉండేది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

వాళ్ళకి పిల్లల్లేరు. దిక్కులేని బిడ్డని పెంచే పని దేవుడు మనకిచ్చాడని ఆవిడే ముందు మొగుడు యోనాతో అంది. చుట్టాలేమో, పెంచుకుంటే చంటిబిడ్డనే పెంచుకోండి, ఎదిగిన పిల్ల ఎక్కడ కలుస్తుంది అన్నారు. అయినా అనాథాశ్రమంలో ఎవరూ అడగని ఏడేళ్ళ పిల్ల అంకమ్మని తెచ్చుకున్నారు. కొన్నాళ్ళు ఉంచుకుని చూడండి, కుదిరితే దత్తత రాయిద్దాం అన్నారు ఆశ్రమం వాళ్ళు.

పిల్ల వచ్చిన కొన్నాళ్ళకి, ఒక ఆదివారం కుండ సగానికే ఉంది. గంప దగ్గర ఆడబిడ్డ సలోమి నవ్వింది.

"ఏంటి వదినా, ఈ వారం దేవుడికి పస్తు పెట్టావా?"

రాహేలమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి చూస్తే పిల్ల గౌను జేబులో బియ్యం, పరుపు కింద బియ్యం, నోట్లో బియ్యం. నట్టింట్లో చీమలు బారులు కట్టాయి. కడుపు నిండా పెడుతుంటే దేవుడి సొమ్ము తీస్తుందా అని, పిల్ల గుడ్డలు సంచిలో సర్దేసింది. తెల్లారి ఆశ్రమంలో దింపి రమ్మని యోనాతో చెప్పింది.

"దింపుతాలే. ఎందుకు తీసిందో అడుగు ముందు," అన్నాడు యోనా.

అడిగింది. పిల్ల గౌను జేబు గట్టిగా మూసి పట్టుకుంది.

"రేపు నువ్వు అన్నం పెట్టకపోతే?" అంది.

"ఏనాడన్నా పెట్టకుండా ఉన్నానా?"

"మా పిన్ని కూడా మొదట్లో పెట్టేది."

రాహేలమ్మ లేచింది. సంచి విప్పి గుడ్డలు మళ్ళీ దండెం మీద వేసింది. ఒక డబ్బా కడిగి, పిడికెడు బియ్యం పోసి పిల్ల చేతికిచ్చింది.

"ఇది నీది. ఎవరూ ముట్టరు. నేనూ ముట్టను."

ఆ రోజు నుంచి దేవుడికి ఒక పిడికెడు, పిల్లకి ఒక పిడికెడు. వానలకి ఉప్పు పని ఆగిపోయి ఇల్లు గడవడం కష్టమైనప్పుడు, ఆ రెండో పిడికెడు ఆవిడ కంచంలోంచే వచ్చింది. పిల్ల డబ్బా పట్టుకుని తిరుగుతూ ఇల్లంతా గింజలు చల్లేది. ఆవిడ ఊడ్చుకునేదేగాని, ఒక్క మాట అనేది కాదు. ఇల్లు చీమల పుట్ట చేసుకున్నావని సలోమి ఎత్తిపొడిస్తే, "అవీ తింటాయిలే అమ్మాయ్," అనేది.

మళ్ళీ ఎండలు ముదిరి మళ్ళలో ఉప్పు తేలాక, ఒక ఆదివారం అంకమ్మ తన డబ్బా చంకన పెట్టుకుని చర్చికొచ్చింది. గంప దగ్గరికెళ్ళి, ఒక్క గింజ మిగలకుండా దులిపి పోసింది. రాహేలమ్మ కంగారుపడి, అంతా పోశావేంటే, కాసిని ఉంచుకోకపోయావా అంది.

"ఎందుకూ? ఇంటికెళ్ళాక నువ్వు పెడతావుగా అమ్మా," అంది పిల్ల.

అమ్మా అని పిలవడం అదే మొదలు.

ఈ మధ్యనే రాహేలమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. అలాంటి మనిషిని మళ్ళీ చూస్తామా? ఆవిడ కుండ ఇప్పుడు అంకమ్మ ఇంట్లో ఉంది, పక్కనే ఆ డబ్బా కూడా.

బిడ్డల్లారా, దిక్కులేని పిల్లని ఇంటికి తెచ్చుకున్నంత మాత్రాన తల్లయిపోరు. ఆ పిల్ల భయం తీరేదాకా మన సుఖాన్ని రోజూ ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాలి. దేవుడు మనల్ని పిలిచేది ఆ పనికే.