సుత్తి దెబ్బకు జంట లేదు

దివాణంలో ఎర్రయ్య కుడి చెయ్యి చెక్కదిమ్మ మీద ఉంది. పక్కనే భటుడు కత్తి ఎత్తి నిలబడ్డాడు.

దొరగారికి పూర్వపు రాజుల నాటి, సుత్తితో కొట్టిన బంగారు నాణేలంటే ప్రాణం. చూపు మాత్రం ఆనదు. ఆస్థాన పరీక్షకుడు నరహరిరాజే అలాంటివి రెండు తెచ్చి అమ్మాడు. వాటిలో ఒకదాన్ని మసి తుడవమని టంకసాలలో నాణేలు కొట్టే ఎర్రయ్యకిచ్చారు. తుడిచి తెచ్చేసరికి నరహరిరాజు పెదవి విరిచాడు.

“అసలుది కాజేసి నకిలీది తెచ్చాడు, ప్రభూ! నేను తెచ్చినవి రెండూ అచ్చం ఒకేలా ఉండేవి. దీని అంచు వంకర. ఈ పనికిరానిది నాకివ్వండి, కరిగించి పారేస్తాను.”

ఎర్రయ్య నరహరిరాజు వైపు తిరిగాడు. “రాజుగారూ, ఆ రెంటికీ కాస్తయినా తేడా లేదా?”

“వెంట్రుకవాసి కూడా లేదు. ఒట్టు!”

“దొరగారూ, ముప్పయ్యేళ్లుగా సుత్తి పట్టినవాణ్ణి. ఒకే అచ్చుతో కొట్టినా ఒక నాణెంలా ఇంకొకటి రాదు. ఒకదాని అంచు చీలుతుంది, ఇంకొకదాని బొమ్మ పక్కకి జరుగుతుంది. వెంట్రుకవాసి తేడా లేదంటే రెండూ ఒకే మూసలో పోసిన నకిలీలే. రాజుగారి ఒట్టు నిజమైతే మీకు నకిలీలు అమ్మారు. కాకపోతే నా మీద అబద్ధం చెప్పారు.”

దొరగారు ఎర్రయ్య చెయ్యి వదలమని సైగ చేశారు.

“రెంటిలో ఏది, నరహరీ?”

నరహరిరాజు రెండు చేతులూ మెల్లగా శాలువాలోకి లాక్కున్నాడు.