కదలని గేజి

వామనమూర్తికి దీక్ష కావాలి. అడిగినప్పుడల్లా చిన్మయమ్మగారు, "చూద్దాంలే నాయనా" అనేవారు.

ఆ అమ్మగారి ఆశ్రమం గోదావరి మధ్యలో ఒక లంక మీద ఉండేది. ఊళ్లోకి పోవాలంటే లోవరాజు నడిపే ఇంజను పడవ ఒక్కటే దారి. ఆ పడవలో డీజిలు ఎంతుందో చూపే గేజి పాడైపోయింది. వామనమూర్తి ఆశ్రమానికి రాకముందు రేడియోలు, టీవీలు బాగుచేసినవాడు. కొత్త గేజి తనే చేస్తానన్నాడు.

చేశాడు కూడాను. ఇంత చిన్న పలక మీద తీగలు అతికించి, ట్యాంకులోకి ఒక కడ్డీ దింపి, పైన ఎర్రటి అంకెలు వెలిగించాడు. లోపలెక్కడో ఉన్న డీజిలు తన సంగతి తనే అంకెల్లో చెప్పుకోవడమంటే వింతే మరి.

అయితే పడవ ఊగితే డీజిలూ ఊగేది, అంకెలు గంతులేసేవి. వామనమూర్తికి అది నచ్చలేదు. అంకెను వచ్చింది వచ్చినట్టు చూపకుండా, చాలాసేపటి అంకెలన్నీ కలిపి సగటు చూపేలా మార్చాడు. అయినా వణికితే ఇంకా ఎక్కువసేపటివి కలిపాడు. చివరికి పన్నెండు లీటర్లంటే పన్నెండే. ఎంత అల వచ్చినా చలించలేదు.

"మా అత్తమ్మ మొహంలా ఉందండీ," అన్నాడు లోవరాజు. "ఇల్లు కాలిపోతున్నా అలాగే ఉంటాది."

మర్నాడు అవతలి ఒడ్డు నుంచి ఆ లోవరాజే కబురు తెచ్చాడు. వామనమూర్తి అక్కకి జబ్బు చేసింది, తమ్ముణ్ణి కలవరిస్తోంది అని. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే.

వామనమూర్తి విన్నాడు. లేచి తిన్నగా అమ్మగారి దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, అక్క సంగతి విన్నాను. నా మనసు రవ్వంత కదల్లేదు. ఆ గేజిలాగే ఉంది. ఇప్పటికైనా దీక్ష ఇవ్వండి."

అమ్మగారు చెప్పులు వేసుకున్నారు. "పద, ఆ గేజి ఏదో చూపించు."

రేవులో కట్టేసి ఉన్న పడవెక్కి, లోవరాజు చేత ఇంజను వేయించారు. వామనమూర్తిని గేజి ముందు కూర్చోబెట్టారు. తను ట్యాంకు పక్కన చతికిలబడి, ఖాళీ డబ్బా ఒకటి కింద పెట్టి, అడుగునున్న కుళాయి తిప్పేశారు. డీజిలు ధారగా పడింది.

"అయ్యో, అమ్మగారండీ!" అన్నాడు లోవరాజు.

"నువ్వుండవయ్యా. ఎంత చూపుతోంది నాయనా?"

"పన్నెండమ్మా."

డబ్బా నిండటానికి కాసేపు పట్టింది.

"ఇప్పుడో?"

"పన్నెండేనమ్మా."

ఇంజను దగ్గింది. గుక్క తిప్పుకోలేనట్టు కొట్టుకుని, ఆగిపోయింది. పడవ కింద నీళ్ల చప్పుడు వినబడింది.

"ఎంతుంది?"

వామనమూర్తి అంకెల వైపు చూశాడు. పన్నెండే.

"కదల్లేదు కదూ," అన్నారు అమ్మగారు, చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "దానికింకా తెలియలేదు నాయనా."

ఆవిడ ఒడ్డెక్కి వెళ్లిపోయారు.

లోవరాజు గొణుక్కుంటూ ఇంజను పైపుల్లో చేరిన గాలి తీయడానికి కూర్చున్నాడు. వామనమూర్తి డబ్బా ఎత్తి, డీజిలు తిరిగి ట్యాంకులో పోయడం మొదలుపెట్టాడు. సగం గరాటు బయటే పోతోంది.

"మెల్లిగా బాబూ, ఒలికిపోతోంది."

"నువ్వు తొందరగా కానీ లోవరాజూ," అన్నాడతను. "అక్క..."