దామోదరంగారి స్విట్జర్లాండ్

మా గురువుగారు విశ్వపతిగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన చేతిలో పని ఆపరు. ఆ పనిలో సగం తీసి అడిగినవాళ్ళ ముందుకు జరుపుతారు. వనపర్తిలో ఆయన ఇంటి వసారాలో కూర్చుని బ్రహ్మం గురించి అడిగినవాళ్ళు చింతపండులో గింజలు తీశారు. మాయ గురించి అడిగినవాళ్ళు గోంగూర వలిచారు. సందేహం తీరినా తీరకపోయినా అమ్మగారికి వంటపని మాత్రం తేలికయ్యేది.

ఆ రోజు అడిగినవాడు ఫణిభూషణం. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాడు. చాలా ఏళ్ళుగా తెల్లవారుజామునే లేచి జపం చేస్తున్నాడు, చేసిన ప్రతిసారీ ఎంత దూరం వచ్చానా అని కొలుచుకుంటున్నాడు. కొలత ఎప్పుడూ సంతృప్తిగా తేలడం లేదు. "చేరవలసిన చోటు గొప్పదని మీరు చెప్పారు, నమ్మాను గురువుగారూ," అన్నాడు. "ఈ మధ్యదారిని భరించడమే నా వల్ల కావడం లేదు. తెలియకుండా దీన్ని దాటేసే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పండి."

గురువుగారు చిక్కుడుకాయల పళ్ళెం అతనివైపు జరిపి, ఈనెలు ఎలా తీయాలో చూపించి, "నేను స్విట్జర్లాండ్ బయలుదేరినప్పుడు ఒక సంగతి జరిగింది," అని మొదలుపెట్టారు. మేమందరం తలలెత్తాం. ఆయన జడ్చర్ల దాటి వెళ్ళడమే మాకు వార్త. స్విట్జర్లాండ్ వెళ్ళారా అని ఫణిభూషణం నోరు తెరిచేశాడు. "వెళ్ళానని ఎక్కడన్నాను నాయనా? బయలుదేరానన్నాను," అన్నారు గురువుగారు. ఆ తరువాత ఆయన చెప్పింది ఇది.

గురువుగారి మేనల్లుడికి హైదరాబాదులో విహారయాత్రల కంపెనీ ఉంది. ఒక డిసెంబరులో వాళ్ళు ఒక విమానం మొత్తం మాట్లాడుకుని, మంచుకొండలు చూపిస్తామని జనాన్ని పోగుచేశారు. ఒక్క సీటు మిగిలిపోయింది. ఊరికే ఖాళీగా పోతోంది, నువ్వు రా మామయ్యా అని మేనల్లుడు పట్టుబట్టాడు. ఆ పిలుపులో గౌరవం ఎంత ఉందో గురువుగారు ఆలోచించలేదు. రెండు పంచెలు, ఒక శాలువా సంచిలో పెట్టుకుని, మేనల్లుడు చేయించిన పాస్‌పోర్టు, వీసా పట్టుకుని వెళ్ళి ఎక్కారు. ఆయన పక్కన మధ్య సీటులో శకుంతలమ్మ అనే ఆవిడ కూర్చుంది. కిటికీ దగ్గర ఆమె భర్త దామోదరం. కోదాడలో రైసుమిల్లు ఉన్న మనిషి.

సినిమా పాటల్లో హీరో హీరోయిన్లు మంచుకొండల మధ్య పరుగులు తీయడం చూసిన వయసు నుంచి దామోదరానికి ఒకటే కోరిక. ఆ కొండల బొమ్మ ఉన్న క్యాలెండరు మిల్లులో ఒకటి, పడకగదిలో ఒకటి వేలాడేది. రానురాను ఆ కోరిక ఇంటి మీద పెత్తనం చెయ్యడం మొదలుపెట్టింది. కాసేపు డాబా మీద కూర్చుందాం రండి అని భార్య పిలిస్తే, ఇక్కడేముంది దోమలు తప్ప, స్విట్జర్లాండ్‌లో కూర్చుందాం తీరిగ్గా అనేవాడు. మంచి ఉన్ని స్వెట్టరు కొని, దాన్ని అక్కడే తొడుక్కోవాలని బీరువాలో దాచాడు. చివరికి ఆమె ఏదైనా కబురు చెప్పబోయినా, ఇప్పుడు కాదు, అక్కడ చెబుదువుగాని అనేదాకా వచ్చింది. ఇవన్నీ శకుంతలమ్మ విమానం కదలకముందే గురువుగారికి చెప్పేసింది. ఫిర్యాదులా చెప్పలేదు. ఇంట్లో పిల్లి అలవాట్లు చెప్పినట్టు చెప్పింది.

దామోదరానికి కావలసింది స్విట్జర్లాండ్. దానికీ తనకూ మధ్య అడ్డంగా ఉన్న విమానం కాదు. అంతసేపు కూర్చుంటే కాళ్ళు వాస్తాయని, చెవులు దిబ్బడేస్తాయని, పక్కవాడు గురకపెట్టి చంపుతాడని ఊళ్ళో అందరూ ఆయన్ని భయపెట్టి పంపారు. అందుకని యుద్ధానికి వచ్చినట్టు వచ్చాడు. మెడకు గాలిదిండు, కాళ్ళకు బిగుతు మేజోళ్ళు, చెవుల్లోకి మైనపు బిరడాలు, కళ్ళకు నల్లగుడ్డ. అన్నిటినీ మించి తెలిసిన డాక్టరు రాసిచ్చిన నిద్రమాత్రలు. డాక్టరు సగం మాత్ర వేసుకోమన్నాడు. డాక్టర్లు ఎప్పుడూ తగ్గించే చెబుతారని దామోదరం రెండు మింగాడు. "నేలమీద దిగాక లేపు. ఈలోగా ఆకాశం విరిగి పడినా లేపొద్దు," అని భార్యతో చెప్పి గుడ్డ కళ్ళమీదికి లాక్కున్నాడు. కాసేపటికి విమానంలో అందరినీ చంపే గురక మొదలైంది. ఊళ్ళోవాళ్ళు చెప్పిన ఆ పక్కవాడు ఈయనే.

భోజనాలయ్యాక కష్టకాలం దాపురించింది. ఎవరు ఏం పడేశారో తెలియదు, విమానంలో మరుగుదొడ్లు ఒకటొకటిగా మూసుకుపోయాయి. ఎయిర్ హోస్టెస్ నవ్వు చెదరకుండా ఒక్కో తలుపుకీ అడ్డంగా పట్టీ అంటించుకుంటూ వచ్చింది. ఆఖరిదానికి కూడా అంటించాక కెప్టెను గొంతు వినబడింది. ముందు ఇంకా చాలా దూరం ఉందని, మధ్యలో దిగడానికి ఎక్కడా అనుమతి దొరకలేదని, వెనక్కి తిప్పడం తప్ప దారి లేదని చెప్పి క్షమించమన్నాడు. జనం కాసేపు గొడవ చేశారు గాని, గొడవ చేస్తే కడుపు మీద ఒత్తిడి పెరుగుతుందని గ్రహించి మానేశారు. విమానంలో నీళ్ళు బాగా తాగాలని ఎవరో చెబితే విని తాగినవాళ్ళ అవస్థ వర్ణించడానికి లేదు. "ఇంద్రియనిగ్రహం మీద నేను ఎన్నో ఊళ్ళలో ఉపన్యాసాలు చెప్పాను," అన్నారు గురువుగారు మాతో. "దాని అర్థం నాకు తెలిసింది మాత్రం అరేబియా సముద్రం మీద."

దామోదరం ఇదేమీ ఎరగడు. శకుంతలమ్మ పక్క వరసలో ఏడుస్తున్న కొత్త పెళ్ళికూతురికి నిమ్మబిళ్ళలిచ్చి ఓదార్చింది, వాళ్ళ పెళ్ళి సంగతులన్నీ అడిగి తెలుసుకుంది, మధ్యమధ్య భర్తవైపు తిరిగి చూసింది. లేపమంటారా అని గురువుగారిని అడిగింది. ఆయన ఏం చెప్పారమ్మా అని గురువుగారు ఎదురు అడిగారు. దిగాక లేపమన్నారంది. ఇంకా దిగలేదు కదా అన్నారు గురువుగారు. అలాగే ఉండిపోయింది.

తెల్లవారుతుండగా విమానం మళ్ళీ హైదరాబాదులోనే, శంషాబాద్‌లో దిగింది. బయట దట్టమైన పొగమంచు. శకుంతలమ్మ భర్త చెవుల్లోంచి బిరడాలు తీసి, ఏమండీ, దిగాం అంది. వచ్చేశామా అన్నాడాయన. వచ్చేశాం అంది. అందులో అబద్ధం లేదు. మిగతా సగం చెప్పబోయేలోగా ఆయన కళ్ళగుడ్డ పైకి నెట్టి కిటికీలోంచి చూశాడు. అద్దం అవతల అంతా తెల్లగా ఉంది. "శకుంతలా," అన్నాడు, "మంచు."

ఆ గొంతు తను అంతకుముందు విన్నది కాదని శకుంతలమ్మ తరువాత గురువుగారితో చెప్పింది. చెప్పవలసిన మాట ఆమె నోట్లోనే ఆగిపోయింది. సాయం కోసం గురువుగారివైపు చూసింది. గురువుగారికి సరిగ్గా అప్పుడే తన సంచి ముడి విప్పి మళ్ళీ కట్టవలసిన అవసరం కలిగింది.

తలుపు తెరవగానే జనం ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తారు. వాళ్ళు ఎందుకు పరుగెత్తారో మనకు తెలుసు. దామోదరం మాత్రం, చూడాలని ఎంత ఆత్రమో చూడు అని మురిసిపోయాడు. స్వెట్టరు తీసి తొడుక్కున్నాడు. మాత్రల మత్తు ఇంకా వదలక కొంచెం తూలుతూ, భార్య భుజం పట్టుకుని నడిచాడు. గోడమీద బోర్డులో తెలుగు కనబడితే ఆగి చదివి, మనవాళ్ళు వస్తారని మన భాషలో కూడా రాశారే అని చెమ్మగిల్లిన కళ్ళతో అన్నాడు. పాస్‌పోర్టు చూసే ఆఫీసరు ఏమీ అడగకుండా ముద్ర కొట్టి పంపేస్తే, మనుషులంటే ఎంత నమ్మకమో అన్నాడు. వెనకనుంచి ఒక ప్రయాణికుడు, బయలుదేరిన చోటికే వచ్చి పడ్డాం ఖర్మ అని గొణిగాడు. ఇక్కడికొచ్చాక ఎవరికైనా వేదాంతం పుడుతుంది అని దామోదరం భార్య చెవిలో చెప్పాడు.

కంపెనీవాళ్ళు అందరినీ దగ్గరలోని ఒక హోటలుకు బస్సులో తీసుకెళ్ళారు. డ్రైవరు తెలుగువాడని తెలిసి దామోదరం ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ఇక్కడ ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నావు బాబూ అని ఆప్యాయంగా అడిగాడు. పుట్టి పెరిగింది ఈడనే సార్ అన్నాడు డ్రైవరు. "అయినా భాష మర్చిపోలేదు," అని దామోదరం అతని భుజం తట్టాడు. ఎట్ల మర్చిపోత సార్ అని డ్రైవరు అద్దంలోంచి ఆయన్ని కాసేపు అనుమానంగా చూసి, గేరు మార్చాడు.

హోటలు ముందు పచ్చికలో ఒక సిమెంటు బెంచీ ఉంది. ఎదురుగా పొగమంచు తప్ప ఏమీ లేదు. కొండలు దాని వెనకే ఉంటాయి, మంచు తొలగాక బయటపడతాయి అని దామోదరం భార్యను అక్కడ కూర్చోబెట్టాడు. గురువుగారు పక్క బెంచీమీద శాలువా కప్పుకుని కూర్చున్నారు. టీ వచ్చింది. మనం పెట్టుకున్నట్టే అల్లం వేశారు గాని పాలు మాత్రం ఇక్కడివి, చిక్కదనం చూడు అన్నాడు దామోదరం. ఆ తరువాత ఆయన ఊరికే కూర్చున్నాడు. గడియారం చూసుకోలేదు, ఫోను తియ్యలేదు, మిల్లుమాట ఎత్తలేదు. ఏదో చెప్పాలనుకుంటూ ఉంటావు కదా, చెప్పు అన్నాడు. అంత హఠాత్తుగా చెప్పమంటే శకుంతలమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. పెరట్లో కరివేపాకు చెట్టుకు తెగులు వచ్చిందని చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు, ఏం మందు కొట్టావు అని అడిగాడు. చెల్లెలు కొడుకు ఆటల్లో కప్పు గెలిచాడని చెప్పింది. ఏ ఆటలో అని అడిగాడు. ఆమెకు నవ్వు వచ్చింది. ఆయన ఆమె ముఖంవైపు వింతగా చూశాడు.

"నవ్వితే నీ ఎడమ చెంపమీద సొట్ట పడుతోంది. ఇదెప్పటినుంచి?"

"పెళ్ళిచూపులనాడు మీ అమ్మగారు ఇది చూసే ఒప్పుకున్నారండీ," అంది శకుంతలమ్మ. దామోదరం తల ఊపాడు. చెయ్యి చాపి, ఆ సొట్ట ఉన్న చోట వేలితో ముట్టుకుని చూశాడు. గురువుగారు తల తిప్పుకుని పచ్చికలో తిరుగుతున్న గోరింకలను చూశారు.

ఎండ ఎక్కింది. పొగమంచు పలచబడి, ముందు ఒక పెట్రోలు బంకు బయటపడింది. ఆ తరువాత ఒక బండరాళ్ళ గుట్ట, దాని కింద మేస్తున్న గేదెలు కనిపించాయి. ఇక్కడ గేదెలు కూడా ఉన్నాయే అన్నాడు దామోదరం. చివరగా రోడ్డుమీద పెద్ద పచ్చ బోర్డు తేటపడింది. కర్నూలు ఒకవైపు, హైదరాబాదు ఒకవైపు. దామోదరం దాన్ని చాలాసేపు చదివాడు. రెండే పేర్లు. ఇది శంషాబాద్ కదూ అన్నాడు. అవునండీ అంది శకుంతలమ్మ, జరిగినదంతా నెమ్మదిగా చెప్పింది. ఎందుకు చెప్పలేదని ఆయన నిలదీశాడు. వచ్చేశామని మీరు అంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పనండీ అంది ఆమె.

ఆయన లేచాడు. బెంచీ చల్లదనానికి నడుం పట్టేసిందన్నాడు. స్వెట్టరు దురద పెడుతోందని విప్పేశాడు. మిగిలిన టీ ఒక గుక్క తాగి, నీళ్ళపాలు, కోదాడలో ఇంతకంటే మంచిది దొరుకుతుందని కప్పు కింద పెట్టాడు. వెళ్ళి కంపెనీవాళ్ళమీద పడి, మరుగుదొడ్లు సరిగా చూసుకోలేనివాళ్ళు దేశాలు ఎలా చూపిస్తారని హోటలు అదిరిపోయేలా అరిచాడు. మర్నాడు వేరే విమానం పెడతామని వాళ్ళు బతిమాలాక తిరిగొచ్చి, ఆ మాత్రలెక్కడ అన్నాడు. శకుంతలమ్మ చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది.

"పారేశానండీ," అంది.

అప్పటికి ఇంకా పారెయ్యలేదు. ఆయన అటు తిరగగానే లేచి వెళ్ళి పారేసి వచ్చింది.

గురువుగారు అక్కడినుంచే వనపర్తి బస్సెక్కారు. ఒకసారి బయలుదేరడమే చాలనిపించిందట. దామోదరం దంపతులు మర్నాడు వెళ్ళి, వారం తిరిగి వచ్చారు. వచ్చాక శకుంతలమ్మ ఫోను చేసింది. మాత్రలు లేక ఆయన దారి పొడవునా మేలుకునే ఉన్నాడట. మరి అంతసేపూ ఏం చేశారమ్మా అని గురువుగారు అడిగారు. మొదట నన్ను తిట్టారండీ, ఆ తరువాత మాట్లాడుకున్నాం అంది. ఏం మాట్లాడుకున్నారో ఆయన అడగలేదు. స్విట్జర్లాండ్ ఎలా ఉందో అడగడం ఆయనకు, చెప్పడం ఆమెకు గుర్తురాలేదు.

ఇంతవరకు చెప్పి గురువుగారు చిక్కుడుకాయలు అందుకున్నారు. మాలో కొందరు ఇంకా మరుగుదొడ్ల దగ్గరే నవ్వుతున్నారు. ఫణిభూషణం నవ్వలేదు. ఒక కాయ ఈనె తీసి పళ్ళెంలో వేశాడు.

"పాపం దామోదరం," అన్నాడు. "కాసేపు భ్రమలో ఉన్నాడు కదండీ."

"ఉన్నాడు," అన్నారు గురువుగారు. "ఏ కాసేపు?"