సుంకులమ్మ చేతి గాజులు

అనగా అనగా, రాజులు కూడా తిరునాళ్ళకు నడిచే వచ్చే రోజుల్లో, కంబాలపురమనే ఊళ్ళో కోనప్ప అనే గాజుల శెట్టి ఉండేవాడు. భుజాన మలారం, అంటే గాజుల మూట, వేసుకుని వీధివీధీ తిరిగేవాడు. ఎంత బిగువు గాజునైనా నొప్పి తెలియకుండా తొడిగేవాడు. కోనప్ప తొడిగితే గాజు ఎక్కినట్టు ఉండదు, చేతికి మొలిచినట్టు ఉంటుందని ఊళ్ళో ముసలమ్మలు చెప్పుకునేవారు.

ఒక ఏడాది తిరునాళ్ళలో అతను గారడి చూశాడు.

చిరిగిన చాప మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు సుంకులమ్మ. ముందు మూడు చెక్క చిప్పలు, మూడు ఎర్రటి గుడ్డ ఉండలు. పక్కన ఒక ముసలాయన డోలు కొడుతున్నాడు. ఆమె కోనప్పను దగ్గరికి పిలిచి, అరచేతిలో ఒక ఉండ పెట్టి, తన చేత్తోనే అతని వేళ్ళు మూసింది.

"గట్టిగా పట్టుకో నాయనా. నాదీ నాదీ అనుకున్నది ఏదీ పిడికిట్లో నిలవదు. ఇదైనా నిలుస్తుందేమో చూద్దాం" అంది.

తర్వాత చిప్పలు అటూ ఇటూ జరిపింది. ఒక్కొక్కటే ఎత్తింది. మూడూ ఖాళీ. పిడికిలి విప్పమంది. కోనప్ప విప్పాడు. అతని చేతిలో మూడు ఉండలూ ఉన్నాయి.

జనం చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. కోనప్ప మాత్రం కదల్లేదు. అతను పిడికిలి విప్పలేదు, ఎవరూ తాకలేదు. మరి ఎలా వచ్చాయి? అరచెయ్యి వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఇల్లు చేరేదాకా ఉంది. తెల్లవారేసరికి లేదు.

మరునాడు అతను చాప దగ్గరికి వెళ్ళాడు. గాజుల శెట్టి కదా, చూపు ముందు ఆమె మణికట్ల మీద పడింది. రెండూ బోసిగా ఉన్నాయి. అతను చప్పున తల దించుకున్నాడు. ఆ సంగతి సుంకులమ్మ కనిపెట్టింది.

"చూడు, చూడు. ఊరూరా అదే చూస్తారు. అదిగో, ఆ డోలు కొట్టే ఓబన్నే నా మొగుడు. ఆయన బతికుండగానే జనం ఆయనకు తద్దినం పెట్టేస్తున్నారు."

ఓబన్న ఇంకా ఉన్నానన్నట్టు డోలు మీద ఒక్క దెబ్బ వేశాడు.

గాజులుంటే చెయ్యి ఎటు తిరిగిందో చప్పుడు చెప్పేస్తుందట. గారడి నేర్పిన రోజునే తండ్రి ఆమె గాజులు తీయించాడట. అప్పటికి ఆమెకు పదేళ్ళు. ఆ మాట చెబుతూ ఆమె కోనప్ప మలారం వంక ఒక్కసారి చూసింది. అందులో ఆకుపచ్చ గాజులు ఎండకు మెరుస్తున్నాయి. వెంటనే చూపు తిప్పుకుంది.

కోనప్ప చేతులు జోడించి తనకు ఆ విద్య నేర్పమన్నాడు. నీ చెయ్యి ఏపాటిదో నాకు తెలియాలి, వచ్చే ఏడు వచ్చి చూపించు అంది సుంకులమ్మ.

ఆ ఏడాది పొడుగునా కోనప్ప చేతికి వేగం నేర్పాడు. గులకరాళ్ళు ఎగరేసి పట్టాడు. ఎగిరే ఈగను రెండు వేళ్ళతో పట్టాడు. దారిన పోతూ ఊరికే పిడికిలి మూసేవాడు, విప్పి చూసుకునేవాడు. ఏమీ ఉండేది కాదు. గాలిని గుప్పిట పట్టుకుని తిరుగుతున్నాడని ఊరు నవ్వింది.

తిరునాళ్ళు వచ్చాయి. ఉండను ఈ చేతి నుంచి ఆ చేతికి పిచ్చుక దూకినట్టు మార్చి చూపాడు. సుంకులమ్మ ఆవలించింది.

"ఈగలు తోలడానికి బాగుంది. ఇక వెళ్ళిరా."

రెండో ఏడు కోనప్ప వడ్రంగి చేత చిప్పలు చేయించాడు. వాటి లోపల ఎవరికీ కనబడని దొంగ అర పెట్టించాడు. అందులోకి ఉండ పోతే బ్రహ్మకైనా దొరకదు. సుంకులమ్మ ఆ చిప్పను ఒక్కసారి వేలితో కొట్టి విని, వెనక్కి ఇచ్చేసింది.

"ఇది వడ్లాయన గారడి. ఆయన్ని పిలుచుకురా, శిష్యుడిగా చేర్చుకుంటాను."

ఇక అడగకూడదనుకున్నాడు కోనప్ప. కానీ తీరని కోరిక అరికాలి ముల్లు లాంటిది. కూర్చుంటే మరుపు, నడిస్తే గుర్తు. అతనిది నడిచి బతికే బతుకాయె.

మూడో ఏడు తిరునాళ్ళకు రాజుగారు రాణిగారితో వచ్చారు. రాణిగారికి పచ్చగాజుల మీద మనసైంది. కోనప్పను పిలిపించారు. రాజ్యమంతటా రాణిగారి చెయ్యి పట్టుకోగల పరాయి మగవాడు గాజుల శెట్టి ఒక్కడే మరి. అతను ఆమె కాళ్ళ దగ్గర మలారం విప్పుకుని కూర్చున్నాడు.

ఎదురుగా చాప పరిచి సుంకులమ్మ కూర్చుంది. కోనప్ప ఆమె చేతులు చూశాడు. ఆ వేళ్ళు వణుకుతున్నాయి.

రాజుగారు ఎత్తైన పీట మీద కూర్చుని, ఇక్కడి నుంచే చూస్తాను, కానియ్యి అన్నారు.

"అక్కడి నుంచి చూస్తే ఏమీ ఉండదు ప్రభూ" అంది సుంకులమ్మ. "నాది మూరెడు గారడి. మూరెడు దూరంలో కూర్చున్నవాళ్ళకే ఉంటుంది. దిగి రండి."

రాజుగారు దిగి వచ్చి చిరుగుల చాప మీద కూర్చున్నారు. తాను ఎందరో గారడీవాళ్ళ గుట్టు పట్టానని, నీది కూడా పట్టుకుంటే ఆ చిప్పలు పొయ్యిలోకి పోతాయని చెప్పారు. ఆ చిప్పలు సుంకులమ్మ ముత్తాతనాటివి. ఆమె సరేనని, రాజుగారి చేతిలో రెండు ఉండలు పెట్టి, వేళ్ళు మూసి, మూడోది చిప్ప కింద పెట్టింది.

చిప్పలు జరిగాయి. జనం కళ్ళన్నీ చిప్పల మీదే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఆమె చిటికెన వేలు వణికింది. ఆ వేలి మడతలో దాగిన మూడో ఉండ జారి, చాప అంచు దాటి, దొర్లుకుంటూ వచ్చి కోనప్ప గాజుల గుడ్డ మడతలో ఆగింది.

కోనప్ప ఒక్కడే చూశాడు. మూడేళ్ళుగా తాను వెతుకుతున్న గుట్టు తన మోకాలి దగ్గరే ఉంది. ఆ క్షణాన అతనికి సంతోషం కలగలేదు. మంటలో కాలుతున్న మూడు చిప్పలు కళ్ళ ముందు మెదిలాయి.

రాజుగారు పిడికిలి విప్పారు. అందులో ఆమె పెట్టిన రెండు ఉండలే ఉన్నాయి. రాజుగారు చిన్నగా నవ్వారు. ఓబన్న డోలు ఆగిపోయింది.

కోనప్ప ఉండను వేళ్ళ సందున ఇరికించుకుని రాణిగారి చెయ్యి అందుకున్నాడు. మీ పుట్టింటి వైపు పచ్చగాజులే తొడుగుతారా తల్లీ అని అడిగాడు. పుట్టిల్లు అనేసరికి రాణిగారి కళ్ళు ఎక్కడికో పోయాయి. బొటనవేలు అరచేతిలోకి మడిచి, ఎముకలు నొక్కి, గాజు కణుపు దాకా ఎక్కించాడు. ఆ నొక్కుడులో ఇంకేదీ ఆమెకు తెలియలేదు.

తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు, "పిడికిలి విప్పకండి తల్లీ. గాజు కణుపు మీద ఉంది, చిట్లుతుంది."

ఆ మాట సుంకులమ్మ చెవిన పడింది. ఆమె కోనప్ప వంక చూడనైనా లేదు.

"మహాప్రభూ, నా మూడో ఉండకు సిగ్గెక్కువ" అంది. "మగవాళ్ళ చేతిలోకి రానని అలిగి, రాణీవారి చేతిలోకి వెళ్ళింది. అమ్మా, గాజు చిట్లితే చిట్లింది, ఒక్కసారి విప్పండి."

రాణిగారు విప్పారు. ఎర్రటి ఉండ ఉంది. ఆమె చిన్నపిల్లలా ఊపిరి బిగబట్టి, ముందు తన చేతిని, తర్వాత రాజుగారిని చూశారు. రాజుగారు ఓడిపోయానని ఒప్పుకుని, ఏం కావాలో కోరుకోమన్నారు. ఒక కొత్త చాప ఇప్పించమంది సుంకులమ్మ.

జనం వెళ్ళాక ఆమె కోనప్పను దగ్గర కూర్చోబెట్టుకుంది. ఇది ఎవరు నేర్పారని అడిగింది. ఎవరూ నేర్పలేదు, పిల్లలు ఏడవకుండా మాటల్లో పెట్టి గాజు తొడగడం మా ఇంటి పద్ధతి అన్నాడు.

"వేగం తెచ్చావు, దొంగచిప్ప తెచ్చావు. ఎదుటి మనిషి మనసు ఎటు పోతుందో తెలిసిన ఈ చేతిని మాత్రం ఇంట్లో పెట్టి వచ్చావు. నేర్పుతాను. కానీ ఒక్కమాట. నేర్చుకున్నాక ఆ మొదటి రోజు నీ పిడికిట్లో చూసినది ఇంకెప్పుడూ చూడవు. వేళ్ళు కనబడతాయి, వింత కనబడదు. నాకు అది పోయి యాభై ఏళ్ళు. ఆలోచించుకో."

కోనప్ప ఒకసారి పిడికిలి మూసి, విప్పి చూసుకున్నాడు. చివరికి, నేర్పమ్మా అన్నాడు.

ఆమె చెప్పినట్టే అయింది. రెండేళ్ళలో అతనికి విద్య వచ్చింది. జనం అతని ముందు నోళ్ళు తెరిచారు. తాను మాత్రం ఏ ఊళ్ళో ఏ గారడి చూసినా వేళ్ళే చూశాడు. ఒక్కోసారి దారిలో ఆగి పిడికిలి మూసి విప్పేవాడు. అందులో ఏముందో, ఎలా వచ్చిందో తనకు తెలుసు. అరచెయ్యి చల్లగా ఉండేది.

సుంకులమ్మ వేళ్ళు ఇక చిప్పను ఎత్తలేకపోయాయి. కోనప్ప ఆమెను, ఓబన్నను తన ఇంటనే ఉంచుకున్నాడు. రోజూ పొద్దున్నే ఎండలో కూర్చోబెట్టి ఆమె చేతులకు ఆముదం రాసి, వేలు వేలూ నొక్కేవాడు. గాజులకు వచ్చిన ఆడపిల్లలు గడపలో గలగలలాడించుకుంటూ తిరిగితే, గారడివాళ్ళ ఇంట్లో ఏమిటే ఆ చప్పుడు అని ఆమె అరిచేది.

ఒకరోజు నూనె రాస్తూ కోనప్ప అడిగాడు, "అమ్మా, మీ నాయన మొట్టమొదట ఏ గారడి చూపాడు నీకు?"

ఆమె నవ్వింది. చూపు దూరంగా ఎక్కడికో పోయింది. అది గారడి కూడా కాదురా అంది. తండ్రి రేగుపండు ఒకటి మాయం చేసి, తన జడలోంచి తీశాడట. తాను ఆ రోజంతా జడ విప్పుకుని వెతుక్కుందట, ఇంకా ఉన్నాయేమోనని. అమ్మ కొట్టినా వినలేదట. చెబుతూ చెబుతూ ఆమె గొంతు పదేళ్ళ పిల్ల గొంతైంది. జడ ఇంత పొడుగుండేదని చూపడానికి చెయ్యి ఎత్తింది.

గల్లుమంది.

"ఎవరే అది? చప్పుడు చేయొద్దన్నానా!" అని గడప వైపు చూసింది. గడపలో ఎవరూ లేరు. చెయ్యి దించింది. మళ్ళీ గల్లుమంది.

అప్పుడు తన చెయ్యి చూసుకుంది. ఎండిన మణికట్టు మీద మూడు పచ్చగాజులు ఉన్నాయి.

ఎప్పుడు ఎక్కాయో తెలియలేదు. యాభై ఏళ్ళుగా ఎవరి వేళ్ళూ మోసపుచ్చలేని ఆ కళ్ళు పెద్దవయ్యాయి. నోరు తెరుచుకుంది. చేతిని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎలా చేశావని ఆమె అడగలేదు. ఓబన్నకు చెయ్యి చాపి చూపించింది. ఆయన లేచి వెళ్ళి, మూలనున్న డోలు మీద మెల్లగా ఒక్క దెబ్బ వేశాడు.

కోనప్ప ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాడు. తిరునాళ్ళలో చిరుగుల చాప ముందు ఆనాడు తాను ఇలాగే ఉండి ఉంటాడు. నూనె చెయ్యి తుడుచుకుందామని పిడికిలి విప్పాడు. అందులో ఏమీ లేదు. అయినా అరచెయ్యి వెచ్చగా ఉంది.

పోగొట్టుకున్న సంతోషం మన పిడికిట్లో వెతికితే దొరకదు, ఇంకొకరి చేతిలో పెడితేనే దొరుకుతుంది.