నూకాలు ఏడాది

అనగనగా అంటే ఎంత వెనకటి మాటో ఎవరూ చెప్పలేరు. సముద్రం ఇప్పటికంటే ఒక కోసు అవతల ఉండేదట. అప్పటి మాట ఇది. మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పింది, మా అవ్వ నాకు చెప్పింది, నేను మీకు చెబుతున్నాను.

ఏరు సముద్రంలో కలిసే చోట తాబేటిలంక అని ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక బడి. ఆ బడిలో అరవై మంది పిల్లలు, ముగ్గురు పంతుళ్ళు. ఇరవై మంది పిల్లలుంటే ఒక పంతులికి దివాణం నుంచి గింజలు వచ్చేవి. అది రాజుగారి కట్టడి. పిల్లలు తగ్గితే గింజలు తగ్గుతాయి. గింజలు తగ్గితే పంతులు పోతాడు.

ఆ బడికి నీళ్ళు మోసే మనిషి నూకాలు. ఇసకలో చెలమ తోడి, కడవ నింపుకుని, రోజుకి ఎనిమిదిసార్లు తిరిగేది. పిల్లలు దోసిలి పడితే పోసేది. ఆమెకి అక్షరం ముక్క రాదు. కానీ అరవై దోసిళ్ళూ తెలుసు. ఎవరు మోచేతిదాకా కార్చుకుంటారో, ఎవరు కళ్ళు మూసుకుని తాగుతారో, ఎవరు సగం తాగి పక్కవాడి మీద చల్లుతారో అన్నీ తెలుసు.

మహా కుదురులేని మనిషి. కూచుంటే కాలు ఆగదు, నించుంటే మనసాగదు. మొగుడు సూరయ్య వల అల్లుకుంటూ కసిరేవాడు.

"ఏటే, నీ కాళ్ళ కింద నిప్పులున్నాయా? ఒక్క గడియ కూకో."

"నాను కూకుంటే నీళ్ళెవరు తెస్తారు?" అనేది, అప్పటికే గుమ్మం దాటేసి.

ఒక కార్తీకంలో ఉప్పెన వచ్చింది. మూడు రోజులు గాలి. మూడు రోజులు వాన. ఆ తరవాత సముద్రమే లేచి ఊళ్ళోకి నడిచొచ్చింది. ఇళ్ళు పోయాయి, పశువులు పోయాయి. ముగ్గురు పిల్లల్ని నీళ్ళు తీసుకుపోయాయి.

బతికినవాళ్ళు మాత్రం ఏం తిని బతుకుతారు? కొందరు కొండ దిగువకి పోయారు. కొందరు పట్నంలో గంజి పోసే సత్రానికి పోయారు. కొందరు ఉప్పుమళ్ళలో పనికి పోయారు. బడికి గోడలు మిగిలాయి, కప్పు లేదు. ఇరవై ఇద్దరు పిల్లలు మిగిలారు. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, పలకలు పడేసి ఒకరినొకరు పట్టుకునేవాళ్ళు. ముగ్గురు పంతుళ్ళూ వాళ్ళ మధ్య కూచుని, ముందు ఏడుపు మాన్పించి, తరవాత ఓనమాలు దిద్దించేవాళ్ళు.

మాఘ పున్నమికి దివాణం గుమాస్తా పడవ దిగాడు. ఏటేటా ఆ రోజే తలలు లెక్కపెడతాడు.

"ఇరవై ఇద్దరు," అన్నాడు. "ఒక పంతులు ఉండండి. అమావాస్య దాటగానే మిగతా ఇద్దరూ వేరే ఊరు పోవాలి."

పెద్ద పంతులు జగ్గప్ప చేతులు జోడించాడు. "అయ్యా, ఉప్పెనకి చెదిరిపోయారు. మళ్ళీ వస్తారు."

"వచ్చాక మళ్ళీ అడగండి, ఇస్తారు."

"అడిగితే ఎన్నేళ్ళకిస్తారు బాబూ?"

అన్నది నూకాలు. కడవ ఇంకా చంకలోనే ఉంది. "ఒక్క పంతులున్న రోజులు నాకెరికే. వెనక వరస పిల్లలకి ఒక్క అక్షరం అందేది కాదు. రెండో పంతులు రావడానికి పదేళ్ళు పట్టింది. మూడో పంతులికి ఇంకో ఆరేళ్ళు. పోగొట్టడానికి మాత్రం ఒక్క పూట చాలా?"

గుమాస్తా చెడ్డవాడు కాదు. చెప్పిన పని చేసేవాడు, అంతే. "కంటికి కనపడ్డ పిల్లలే నాకు లెక్క," అని పడవెక్కాడు.

ఆ పూట నూకాలు అన్నం ముందు కూచుని లేచింది. మళ్ళీ కూచుంది, మళ్ళీ లేచింది. సూరయ్య చూసి చూసి వల పక్కన పడేశాడు.

"ఎల్లు. ఎలాగూ కూకోవు. నీళ్ళు నేను మోస్తాను."

నూకాలు నడిచింది. ముందు కొండ దిగువకి నడిచింది. అక్కడ లంకవాడు ఒకడు చోళ్ళ చేలో కలుపు తీస్తున్నాడు.

"నీ కూతురి పేరు బడిలో ఉంచమంటావా, తీసెయ్యమంటావా?"

అతను పీకిన కలుపు గట్టు మీద పడేశాడు. "ఉంచు. నీరు తీశాక వస్తాం," అన్నాడు.

అక్కణ్ణించి పట్నానికి నడిచింది. సత్రం ముందు గంజి వరసలో ఒక తల్లి కనిపించింది.

"నీ కొడుకుల పేర్లు ఉంచమంటావా, తీసెయ్యమంటావా?"

"ఉంచు వదినా. మేం వచ్చేసరికి పంతుళ్ళు ముగ్గురూ ఉంటారా?"

నూకాలు కొంగు బిగించుకుంది. వెనక్కి చూడకుండా నడిచింది.

అక్కణ్ణించి ఉప్పుమళ్ళకి నడిచింది. బంగారి అనే పిల్ల ఉప్పుతట్ట దించి దోసిలి పట్టింది. అలవాటే కదా. ముంతలోంచి నీళ్ళు పోస్తే పిల్ల కెవ్వుమంది. ఉప్పుకి చేతులు పగిలిపోయి ఉన్నాయి. నూకాలు తల్లిని అడగాల్సింది అడగలేకపోయింది. నూకాలు ఎందుకు తిరుగుతోందో ముందే విన్న తల్లే అంది, "ఉంచక్కా. దీని పేరు ఉంచు."

అలా చెదిరిన ఇళ్ళన్నీ అడిగాక, ఇక దివాణానికి నడిచింది. మొదటిరోజు గెంటేశారు. రెండోరోజు గెంటేశారు. మూడోరోజు రాజుగారు మునిగిన పొలాలు చూడ్డానికి బయల్దేరారు, వెనకే గుమాస్తా, దస్తరం కట్టతో. నూకాలు గుర్రానికి అడ్డం నిలబడింది.

"ఎవరు నువ్వు?" అన్నాడు రాజు.

"తాబేటిలంక బడికి నీళ్ళు మోస్తాను మారాజా. ఒక్క మాట అడిగి పోతాను. మా లంక పొలాల్లో ఇంకా ఉప్పునీళ్ళు నిలిచున్నాయి. మీ దస్తరంలో ఆ పొలాల్ని కొట్టేశారా?"

గుమాస్తా నవ్వాడు. "ఎందుకు కొట్టేస్తాం? ఈ ఏడు పంట లేదని రాస్తాం. నీరు తీస్తే పొలం పొలమే."

"మరి పిల్లలు పిల్లలు కారా బాబూ?"

గుమాస్తా నవ్వు ఆగిపోయింది. నూకాలు పేర్లు చెప్పడం మొదలెట్టింది. ఎవరు ఎక్కడున్నారో, ఎవరి అయ్య ఏమన్నాడో, ఒక్కొక్కటే చెప్పింది. యాభై ఏడు పేర్లు చెప్పి ఆగింది.

"అరవై కదా?" అన్నాడు రాజు.

"ముగ్గుర్ని సముద్రం తీసుకుపోయింది. వాళ్ళ మీద గింజలు అడగను."

రాజు తల పక్కకి తిప్పుకున్నాడు. అటే చూస్తూ అన్నాడు, "ఒక్క ఏడాది. పాత లెక్కే లెక్క. వచ్చే మాఘ పున్నమికి యాభై మంది పిల్లలు బడిలో కనపడాలి. లేకపోతే ఇద్దరు పంతుళ్ళూ పోతారు."

ఆ ఏడాది నూకాలు ఇంటి పట్టున ఉన్నది లేదు. కొండ దిగువకి, పట్నానికి, ఉప్పుమళ్ళకి తిరుగుతూనే ఉంది. బడికి తాటాకు కప్పు పడిందని కబురు మోసింది. చెలమలో మంచినీళ్ళు ఊరుతున్నాయని కబురు మోసింది. ముగ్గురు పంతుళ్ళూ ఉన్నారని కబురు మోసింది. ఒక్కో ఇల్లూ కదిలి వచ్చింది. పిల్లలు నలభై ఆరుగురయ్యారు. అక్కడ ఆగిపోయారు.

పున్నమి మూడు రోజులుందనగా నూకాలు మళ్ళీ ఉప్పుమళ్ళకి బయల్దేరింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

"వద్దే. పడిపోతావు," అన్నాడు సూరయ్య.

"పున్నమి దాటనీ," అంది.

పున్నమి రోజు గుమాస్తా వచ్చి లెక్కపెట్టాడు. నలభై ఆరు. జగ్గప్ప పంతులు లెక్కపెట్టాడు. నలభై ఆరు. మూడోసారి ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. నలభై ఆరే. పిల్లల చూపు పలక మీద లేదు, ఏటి మీద ఉంది. పంతుళ్ళు గట్టు దాకా పోతారు, వస్తారు. గుమాస్తా కలం చెవి మీద పెట్టుకుని కూచున్నాడు.

"పొద్దు గూకేదాకా ఉంటాను," అన్నాడు. ఎవరూ అడగలేదు. అతనే అన్నాడు.

పొద్దు వాలింది. ఏటి మలుపులో పడవ కనిపించింది. పడవలోంచి ఒకరి వెనక ఒకరు ఐదుగురు పిల్లలు దిగారు, ముందు బంగారి. నూకాలు దిగలేదు.

"రేవు కాడ కూలిపోయింది," అంది బంగారి తల్లి. "ఆగుతామంటే ఒప్పుకోలేదు. 'నాకోసం ఆగితే లెక్క దాటిపోద్ది, పిల్లల్ని ఎక్కించండి' అంది. మేం ఎక్కించేలోపే పానం పోయింది. వదిలి రాలేక పడవలోనే తెచ్చాం."

సూరయ్య కడవ అందుకున్నాడు. ఆ ఐదుగురూ దూరం నుంచి వచ్చిన పిల్లలు కదా. ఒక్కొక్కరినీ దోసిలి పట్టమని నీళ్ళు పోశాడు. అందరూ తాగాక పడవలోకి దిగాడు.

గుమాస్తా యాభై ఒకటి రాశాడు. ముగ్గురు పంతుళ్ళూ ఉండిపోయారు. తెల్లారి గుమాస్తా దివాణానికి పోయి, జరిగింది జరిగినట్టు రాజుకి చెప్పాడు. రాజు ఆ తీరం పొడుగునా చాటింపు వేయించాడు. నీళ్ళకి గానీ గాలికి గానీ నిప్పుకి గానీ ఊరు చెదిరితే, ఏడాదిపాటు బడికి పాత లెక్కే లెక్క. ఆ కట్టడికి రాజు ఏం పేరు పెట్టాడో ఎవరికీ గుర్తు లేదు. జనం మాత్రం నూకాలు ఏడాది అన్నారు.

రాజులు పోయారు, దివాణాలు పోయాయి. ఇప్పటికీ ఆ వైపు లంకల్లో గాలివాన వెలిశాక, బడికి రాని పిల్ల పేరు మీద ఎవరైనా గీత పెట్టబోతే, పక్కనున్న ముసలమ్మ చెయ్యి పట్టుకుంటుంది.

"ఆగు నాయనా," అంటుంది. "నూకాలు ఏడాది ఇంకా నడుస్తోంది."