నాంచారమ్మ విప్పిన పలుపులు

అచ్యుతాంబగారిని ఎవరేది అడిగినా ముందు చీవాట్లు పడేవి, ఆ తర్వాత కథ వచ్చేది. చీవాట్లకు ఓర్చుకోలేనివాళ్లు కథ దాకా నిలిచేవారు కారు. శిష్యుడు పరాంకుశం నిలిచేవాడు.

ఆ సాయంత్రం అతడు తుపాను సాయం పంచినచోటి నుంచి ఉడికిపోతూ వచ్చాడు. ఆశ్రమం పెయ్యను గుంజకు కట్టేసి ఆమె ముందు చతికిలబడ్డాడు.

"అమ్మా, గొడ్డు చచ్చిందని అబద్ధమాడినవాడు డబ్బు పుచ్చుకుని నవ్వుతూ పోయాడు. నిజం చెప్పినవాడు ఉత్తచేతులతో పోయాడు. మరి నిజం వల్ల వచ్చేదేమిటి?"

"నిజమేమన్నా సంతలో బేరమటరా, ఎంతొచ్చిందని అడగడానికి? నోరు మూసుకుని విను," అందామె. ఆపైన గొంతు మెత్తబడింది.

ఆమె పుట్టింది ఏటి నడుమ లంకలో. అక్కడ నాంచారమ్మ అని ఒక విధవరాలు రెండు గేదెల పాడి మీద బతికేది. ఆమె తప్పేళాలో పాలు పడే చప్పుడుకే పక్కిళ్లవాళ్లు నిద్ర లేచేవారు. పెరుగు మీద మీగడ వేలితో తీసి చిన్నారి అచ్యుత నోట్లో పెట్టేది. "అంత కమ్మటి మీగడ మళ్లీ తినలేదురా," అంది అచ్యుతాంబగారు.

ఏరు గట్టు దాటిన రోజున నాంచారమ్మ గేదెల పలుపులు విప్పేసి, వీపుల మీద చరిచి, "పోండి, ఈదుకుని బతకండి" అని తరిమి, తాను బడి మేడ ఎక్కింది. పక్కింటి బసవయ్య మాత్రం తన అయిదు గేదెలూ ఎక్కడికీ పోకూడదని ముడి మీద ముడి బిగించాడు. నీరు తీశాక అవి గుంజల దగ్గరే ఉన్నాయి, చచ్చి. నాంచారమ్మ గేదెల జాడే లేదు.

సాయం రాసుకోవడానికి వచ్చిన అధికారి, కళేబరం చూపినవాళ్లకే డబ్బన్నాడు. అదీ ఇంటికి మూడింటికి మించి కాదన్నాడు. బసవయ్యకు రెండు మిగిలిపోయాయి. వాడు చెడ్డవాడు కాడు. చాటుగా వచ్చి, "వదినా, ఆ చివరి రెండూ నీవని చెప్పు. నేను కాదనను. ఏ గేదె ఎవరిదో ఆయనకేం తెలుసు?" అన్నాడు.

నాంచారమ్మ ఇంట్లో గింజ లేదు, అమ్మడానికి చుక్క పాలు లేవు. వెళ్లింది.

"ఇవి మీవేనా అమ్మా?" అన్నాడు అధికారి.

ఆమె వంగి చూసింది. నానిన పలుపు గేదె మెడలోకి దిగిపోయి ఉంది. పెనుగులాటకు గుంజ ఒక పక్కకు ఒరిగిపోయింది.

"కావు బాబూ. నావి కట్టుమీద చావలేదు. నేను విప్పాను."

"నువ్వేమంటే ఏం, పోయిన గేదెలు వింటాయా వదినా?" అని గొణిగాడు బసవయ్య.

"నాకు వినబడదటరా?"

ఆ ఏడంతా ఆమె పరాయి చేలల్లో నాట్లకు పోయింది. సాయంత్రమయ్యేసరికి గట్టు మీద నిలబడి, "నల్లమ్మా, చంద్రీ" అని పిలిచేది. ఆ పిలుపు వినబడితే లంకలో దీపాలు పెట్టేవారు.

"వచ్చాయా అమ్మా?" అన్నాడు పరాంకుశం.

"రాలేదు. బసవయ్య సాయం డబ్బుతో కొత్త గేదెల్ని తోలుకొచ్చాడు. బతికినంతకాలం వాటికి జారుముడే వేశాడు. ఒక్క లాగుకు ఊడొచ్చేది. వాణ్ణి చూసి లంకంతా అదే ముడి నేర్చింది."

"అయినా, ఆమెకేం మిగిలిందమ్మా?"

అచ్యుతాంబగారు తూర్పుకేసి చూసింది.

"మబ్బు పడుతోంది. లేచి, మన పెయ్యకు ఏ ముడి వేశావో చూసి రా."